ఎడమ చెవిలో పైశ్రుతి

స్టూడియోకి వెళ్ళాల్సిన రోజు ఆమె లేవగానే ఎవరితోనూ మాట్లాడదు. ముందు శ్రుతి, తర్వాతే మాట. వంటగది గట్టు మీద చెంచాల డబ్బాలో రెండు పళ్ళ ఉక్కు ఫోర్కు ఒకటి ఉంటుంది. తినడానికి కాదు. దాన్ని మోకాలికి తట్టి చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా ఒకటే స్వరం పలుకుతుంది. ఎండైనా వానైనా అదే స్వరం. చిన్నప్పుడు సంగీతం నేర్పిన టీచరమ్మ ఇచ్చింది. ఆ స్వరాన్ని పట్టుకుని గొంతు సవరించుకున్నాకే ఆమెకి తెల్లారినట్టు.

ఆ పొద్దున కుడిచేతిలో పాలగిన్నె ఉంది. అందుకని ఫోర్కు ఎడమచేత్తో తీసి, తట్టి, ఎడమ చెవికి పెట్టుకుంది. ఇన్నేళ్ళూ కుడి చెవికే పెట్టుకునేది.

స్వరం పలికింది. కాని అది ఆ స్వరం కాదు.

కొంచెం పైన ఉంది. మామూలువాళ్ళకి తెలిసేంత తేడా కాదు. ఆమెకి మాత్రం మెట్టు మీద కాలు వెయ్యబోతే మెట్టే పైకి జరిగినట్టయింది. పాలగిన్నె దింపింది. మళ్ళీ తట్టి కుడి చెవికి పెట్టుకుంది. సరిగ్గా ఉంది. ఎడమ చెవికి పెట్టుకుంది. పైన ఉంది. కుడికి మార్చింది. సరిగ్గా ఉంది.

"ఇది పాడైపోయిందా ఏంటి?" అని పైకే అనేసింది. ఉక్కుముక్క పాడవడమేమిటి? పాడైనా ఒక్కో చెవికి ఒక్కో రకంగా పాడవుతుందా?

ఫ్రిజ్ గుయ్‌మంటోంది. తల ఇటు తిప్పితే ఒక గుయ్. అటు తిప్పితే ఇంకో గుయ్. కుళాయి చుక్కలు పళ్ళెంలో పడుతున్నాయి. కుడివైపు ఒక టప్పు, ఎడమవైపు ఇంకో టప్పు. రెండు చెవులూ అరచేతులతో మూసుకుని నిలబడింది. గుండె కొట్టుకోవడం ఒక్కటే వినిపించింది. దానికి శ్రుతి లేదు కాబట్టి సరిపోయింది.

కింద బావ వ్యాను హారన్ కొట్టాడు.

బావ అంటే అక్క మొగుడు. కింది వాటాలో ఉంటారు. మెటల్ బ్యాండులో డ్రమ్స్ వాయిస్తాడు. ఆమెని అందులోకి లాక్కొచ్చింది ఆయనే. శాస్త్రీయ సంగీతం నేర్చుకుని, పిలిచేవాళ్ళు లేక ఇంట్లో కూర్చున్న మనిషిని, "మా పాటగాడు చెప్పాపెట్టకుండా పోయాడు, ఈ ఒక్కసారికి వచ్చి నాలుగు కేకలు వేసిపో మరదలా" అని తీసుకెళ్ళాడు. ఆమె కేకలు వెయ్యలేదు. పాడింది. గిటార్లు కొండచరియలు విరిగిపడ్డట్టు మోగుతుంటే వాటి మీద ఆమె గొంతు నిలువుగీతలా నిలబడింది. జనం వెర్రెత్తిపోయారు. అప్పట్నుంచి అమ్మ పెట్టిన పేరు ఇంట్లోవాళ్ళకే మిగిలింది. బయట అందరికీ ఆమె ఉరుము.

ఇప్పుడు ఉరుము సొంతంగా ఒక ఆల్బమ్ చేస్తోంది. ఎనిమిది పాటలు. ఏడు పూర్తయ్యాయి. ఎనిమిదో పాట మిగిలింది. ఆ పాటలో సగందాకా తోడు ఏమీ ఉండదు, వట్టి గొంతే. సగంలో గిటార్లూ డ్రమ్సూ ఒక్కసారిగా వచ్చి మీదపడతాయి. అప్పటికి గొంతు బయల్దేరిన చోటే ఉండాలి. వెంట్రుకవాసి జరిగినా ఆ పడేవి గొంతు మీద కాక పక్కన పడతాయి. ఇప్పటికి రెండుసార్లు పాడింది. రెండుసార్లూ వాద్యాలు పడ్డచోట పంటికింద రాయి తగిలినట్టయింది. "తీగలు సరిగ్గా బిగించుకుని రావయ్యా" అని గిటారాయన్ని అందరిముందూ కడిగిపారేసింది. ఆయన తల వంచుకుని బిగించుకున్నాడు.

మెట్లు దిగుతుంటే ఆ సంగతి గుర్తొచ్చింది. తప్పు ఆయన తీగలది కాదేమో.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఈమధ్య రేడియోవాళ్ళు పిలిస్తే వెళ్ళింది. తప్పిన శ్రుతిని దిద్దే మిషన్లు వచ్చాయి కదా, మీరూ వాడతారా అని అడిగారు. "పళ్ళసెట్టు పెట్టుకుని నవ్వడం నాకు చేతకాదు. నా ఆల్బమ్‌లో మిషను నా గొంతు ముట్టుకోదు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాటే ఇప్పుడు ఆల్బమ్ అట్ట మీద పెద్దక్షరాల్లో వెయ్యబోతున్నారు.

"ఏంటి మరదలా, మొహం అలా వేలాడేశావ్? ఉరుముకి జలుబు చేసిందా?" అన్నాడు బావ.

ఆమె గొంతు చూపించి చెయ్యి ఊపింది.

"గొంతా! మాట్లాడకు, మాట్లాడకు. ఇంట్లో పడుకో. నేను వెళ్ళి చెబుతాలే." వ్యాను తలుపు కూడా చప్పుడు కాకుండా వేసుకుని వెళ్ళిపోయాడు.

పాడేవాళ్ళకి గొంతు బాగాలేదంటే చుట్టుపక్కలవాళ్ళు పిల్లుల్లా నడుస్తారు. చెవి బాగాలేదని చెప్పుకున్న గాయని ఎక్కడైనా ఉందా? ఆమె ఎరగదు.

అక్క గదిలో కూర్చుని చెల్లెలి స్టేజి కోటుకి బొత్తాలు కుడుతోంది. ఆమె వెళ్ళి ఆల్బమ్ పాటలు పెట్టమంది. ఎడమ చెవి అరచేత్తో గట్టిగా మూసుకుని, కుడి చెవి స్పీకరుకి దగ్గరగా పెట్టి, ఏడు పాటలూ వింది. ఎక్కడా తప్పలేదు. గొంతు గీత గీసినట్టుంది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. చెవికి ఏదైతే అయింది, పాట బాగానే ఉంది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

"నీ పాటకి నువ్వే ఏడుస్తావేంటే? సిగ్గు లేకపోతే సరి" అంది అక్క దారం కొరుకుతూ. "ఏడ్చింది చాల్లే, ఇది చూసి నవ్వు. మొన్న మీరు ప్రాక్టీసు చేస్తుంటే ఫోన్లో తీశా. మీ బావ నోరు తెరుచుకుని వాయిస్తున్నాడు, ఈగ ఎలా దూరిందో చూడు."

ఫోనులో బావ నోరు మూసి, దగ్గి, ఉమ్మాడు. అక్క పకపకా నవ్వింది. ఆమె బావని చూడలేదు. ఫోనుని కుడి చెవికి ఆనించుకుంది. ఆల్బమ్‌లో మూడో పాట అది. గిటార్లు వాటిచోట ఉన్నాయి. ఆమె గొంతు వాటికి పైన, ఎవరూ పట్టుకోని గాలిపటంలా తేలుతోంది. ఒక్క మాటలో కాదు. మొదటినుంచి చివరిదాకా.

"అక్కా, ఇందులో నేనెలా పాడుతున్నాను?"

"ఎలా ఏంటి, ఎప్పట్లాగే."

"నిజం చెప్పు. ఏమన్నా తేడాగా ఉందా?"

అక్క సూది ఆపింది. "నాకేం తెలుసే మీ గొడవ. కాకపోతే... బొత్తాం ఒక కాజా పైన పెట్టుకున్నట్టుంది. ఎందుకలా అయిపోయావ్? ఒసేయ్! ఏమైందే?"

ఆమె ఉన్నదంతా చెప్పేసింది. చెప్పాక భయం తగ్గలేదు, ఇద్దరికైంది. అక్క కోటు పక్కన పడేసి, చెప్పులేసుకుని, చెల్లెలి రెక్క పట్టుకుని చెవుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

అక్కడ చిన్న గది ఉంది. గోడలకి మెత్తలు, ఎదురుగా అద్దం, అద్దం అవతల డాక్టరమ్మ. అచ్చం పాడే గదిలాగే ఉంది, మైకు ఒక్కటే తక్కువ. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి చేతికి ఒక మీట ఇచ్చారు. చప్పుడు వినిపించినప్పుడల్లా నొక్కాలి. కుడి చెవి తేలిగ్గా అయిపోయింది. ఎడమ చెవిలో నాలుగు చప్పుళ్ళు వినిపించాయి. తర్వాత ఏమీ లేదు. అద్దం అవతల డాక్టరమ్మ చెయ్యి కదులుతూనే ఉంది. అంటే చప్పుడు వస్తూనే ఉంది.

వచ్చిన నాలుగు చప్పుళ్ళకీ మధ్య ఎంత ఎడం ఉందో ఆమె లోపల తాళం ఎప్పుడో పట్టేసుకుంది. ఆ తాళం ప్రకారం నొక్కుకుంటూ పోయింది. వినపడని చప్పుడుని కూడా సరిగ్గా దాని జాగాలో నొక్కింది.

బయటికొచ్చాక డాక్టరమ్మ ఆమెని కాసేపు చూసింది. "మీరు సంగీతం మనిషా?"

"అవును."

"తెలుస్తోంది. కొన్నిచోట్ల నేను చప్పుడు ఇవ్వడం ఆపేశాను. అక్కడా నొక్కారు. తాళం తప్పకుండా నొక్కారు."

కాపీ కొడుతూ దొరికిపోయిన పిల్లలా ఆమె చేతులు ఒళ్ళో దాచుకుంది.

"పాడేటప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటారా?"

"స్టేజి మీదా, ప్రాక్టీసులోనూ, స్టూడియోలోనూ పెట్టుకుంటాం. వాద్యాలు అందులోనే వినిపిస్తాయి."

"రెండు చెవులకా?"

"ఎడమ చెవికే. కుడిది తీసేస్తాను. నీ గొంతు నీ తలకాయలో కాదు, గదిలో ఎలా ఉందో విను అని మా టీచరమ్మ నేర్పింది. అందుకని ఆ చెవి తెరిచి ఉంచుతాను."

"ఒక చెవి తెరిచి ఉంటే రెండో చెవిలో వాద్యాలు చాలవు కదా?"

"చాలవు. కాస్త పెంచమంటాను." ఏడాదికేడాది ఎంతెంత పెంచమందో ఆమెకి ఇప్పుడు లెక్కకొచ్చింది.

"మరి స్టేజి మీద మీ ఎడమపక్కన ఏముంటుంది?"

"మా ఆయన" అంది అక్క.

డాక్టరమ్మకి అర్థం కాలేదు.

"మా ఆయన, ఆయన సింబల్. ఇత్తడి పళ్ళెంలా ఉంటుందే, అది. దీని చెవి పక్కనే కొడతాడు" అని అక్క ఏడుపు మొదలుపెట్టింది.

డాక్టరమ్మ మెల్లిగా చెప్పింది. ఎడమ చెవి లోపల దెబ్బతింది. అది స్వరాన్ని కాస్త పైకి చేసి వినిపిస్తోంది. వాద్యాలని ఆ చెవితో విని, గొంతుని రెండో చెవితో దానికి కలుపుకుంటోంది కాబట్టి పాట కూడా పైకే పోతోంది. చెడిన చెవి తిరిగి రాదు. మంచి చెవి ఇంకా మంచిగానే ఉంది. ఇదే పని ఇలాగే చేస్తుంటే మాత్రం అదీ ఉండదు.

"స్టేజి మానెయ్యాలా?"

"చప్పుడు మానెయ్యాలి. చప్పుడు లేకుండా మీ స్టేజి ఎలా ఉంటుందో నాకు తెలీదమ్మా."

రోడ్డు మీద బస్సుల మోత. ఆమె కుడి చెవిలో వేలు పెట్టుకుని నడిచింది. ఒక్క చెవి మిగిలింది. ఉన్న ఒక్క దీపానికి చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచినట్టుంది. అక్క ఏదో చెబుతోంది, వినలేదు. వేరే ప్రశ్న ఆమెని తొలిచేస్తోంది. ప్రాక్టీసులో అంత పైకి పోయిన గొంతు, అదే పాట, ఆల్బమ్‌లో అంత సరిగ్గా ఎలా ఉంది?

జవాబు ఆమెకి తెలుసు. అందుకే అక్కని ఇంటికి పంపేసి స్టూడియో వైపు నడుస్తుంటే అడుగులు పడటం లేదు.

స్టూడియోలో రికార్డింగు చేసే పెద్దాయన్ని అందరూ మీటలాయన అంటారు. బల్ల నిండా మీటలు, వాటి వెనక ఆయన బట్టతల. బావా గిటారాయనా లోపలి గదిలో ఏదో వాయించుకుంటున్నారు. ఆమెని చూడగానే మీటలాయన లేచాడు.

"గొంతు బాగాలేదన్నారు, ఎందుకొచ్చావు తల్లీ?"

"బాబాయ్, ఏడు పాటల్లో నా గొంతు ముట్టుకున్నావా?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు. "లేదు తల్లీ."

"బాబాయ్."

"కాస్త సర్దాను."

"ఏ పాటలో?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ తుడిచాడు. "ఏడూ."

ఆమె దొరికిన కుర్చీలో కూలబడింది.

"మొదట ఒక్క మాటే సర్దాను" అన్నాడు మీటలాయన. "అలసిపోయి ఉంటావులే అనుకున్నా. తర్వాత చరణం. నువ్వు విని ఏమీ అనలేదు. తెలిసే ఊరుకున్నావనుకున్నా. ఎవరైనా అంతేగా, తెలిసినా తెలీనట్టుంటారు. తీరా రేడియోలో ఆ మాట అన్నావు. నా గుండె జారిపోయింది. ఇంక నోరెలా పెగుల్తుంది? నువ్వు గిటారాయన మీద పడ్డప్పుడైనా చెబుదామని లేచాను. నీ మొహం చూసి కూర్చున్నాను."

"నన్ను చూస్తే అంత భయమా?"

"నీకేం, నువ్వు ఉరుమువి. పిడుగు పడేది మా మీద."

ఆమెకి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. చెవి సంగతి చెప్పింది. పెద్దాయన మొహం పాలిపోయింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు.

"ఒకటి చెబుతా విను. ఎనిమిదోది ఎలా వస్తే అలా పాడు. నేను సర్దేస్తాను. పురుగుకి కూడా తెలీదు. స్టేజి మీదకి కూడా ఆ మిషను పెట్టొచ్చు. నువ్వు అక్కడ పైకి పాడుతుంటే ఇక్కడ సరిగ్గా వినిపిస్తుంది. మనిద్దరికే తెలుస్తుంది. నీ అన్నం నీకుంటుంది."

ఆమె నోటిదాకా సరే వచ్చింది. అంతకంటే సులువేముంది? ఇన్నాళ్ళూ జరిగింది అదేగా. కాని అలా నిలబడి పాడుతున్న తనని ఊహించుకుంది. నోరు తను తెరుస్తుంది. వేరే గొంతు బయటికి వెళుతుంది. జనం ఎవరికి చప్పట్లు కొడుతున్నారో తనకి తెలీదు. కొన్నాళ్ళకి కుడి చెవి కూడా పోతుంది. అది పోయిందని కూడా తెలీదు, పాట బాగానే ఉంటుంది కాబట్టి. చివరికి తను మొత్తానికి చెవిటిదైనా ఉరుము పాడుతూనే ఉంటుంది.

"సర్దనివి పెట్టు బాబాయ్. ఉన్నాయా?"

"ఉన్నాయి. వద్దు తల్లీ."

"పెట్టు."

పెట్టాడు. ఆమె ఎడమ చెవి మూసుకుని వింది. ఒక్కో పాటా వింటుంటే బట్టలు ఒక్కొక్కటీ లాగేస్తున్నట్టుంది. నాలుగో పాట సగంలో ఉండగా లోపలి గది తలుపు తీసుకుని బావ వచ్చాడు.

"ఎవరిదిది? ఇంత పైకి పోతోంది... మరదలా, నువ్వేనా?"

ఆయన చూపు ఆమె మొహం మీంచి, చెవి మీదున్న చేతి మీదకి వెళ్ళింది. డాక్టరమ్మ అన్నది ఆమె రెండు ముక్కల్లో చెప్పింది. సింబల్ మాట ఎత్తలేదు. ఎత్తకపోయినా ఆయనకి అర్థమైంది. ఎప్పుడూ ఏదో ఒకటి వాగే మనిషి, గోడకి ఆనుకుని చేతిలో డ్రమ్ము పుల్లల్ని చూసుకుంటూ ఉండిపోయాడు.

"ఆ ఇత్తడిదేనా?"

"అదొక్కటే కాదు బావా. నేనే పెంచమన్నాను."

"నేను పక్కనుంటే ధైర్యమన్నావని దాన్ని అక్కడ పెట్టాను."

"తెలుసు."

గిటారాయన గుమ్మంలోనే నిలబడి వింటున్నాడు. ఆమె ఆయన వైపు తిరిగింది. "నీ తీగలు బాగానే ఉన్నాయి. నలుగురిలో తిట్టాను. నలుగురిలోనే చెబుతున్నాను."

"పర్లేదక్కా. అప్పట్నుంచి రోజూ రెండుసార్లు బిగిస్తున్నా. ఇంక బిగిస్తే తెగేలా ఉన్నాయి" అన్నాడు ఆయన.

"ఏడూ మళ్ళీ పాడతాను బాబాయ్. ముందు ఎనిమిదోది. ఇప్పుడే."

"ఇప్పుడా?"

"రేపైతే రాలేను. భయమేస్తుంది."

పాడే గదిలో ఎడమ చెవి నిండా దూది కూరుకుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు. బావ వాళ్ళ చప్పుడు గదిలోకి వచ్చేది చిన్న స్పీకరులోంచి, కుడివైపు, సన్నగా. బావ అంత మెల్లిగా వాయించడం ఎవరూ విని ఉండరు. పుల్లలకి గుడ్డ చుట్టుకున్నాడు. అద్దం అవతల మీటలాయన కూర్చున్నాడు. ఎన్నిసార్లు పాడినా ఆఖరి మాట అవ్వగానే బొటనవేలు పైకెత్తేవాడు. ఆ వేలు చూసి ఆమె ఇంటికెళ్ళిపోయేది.

"బాబాయ్, ఒక్కమాట. ఇన్నాళ్ళూ వేలు ఎత్తావు. ఇవాళ నిజం చెప్పాలి. ఇంక నాకు చెప్పడానికి ఒకటిన్నర మనుషులున్నారు. సగం నేను, మిగతాది నువ్వు."

ఆయన తలూపాడు.

ఆమె పాడింది. ఎడమపక్క ప్రపంచం లేదు. గోడ కూడా లేనట్టుంది. తను పాడుతున్న స్వరం అదేనా, అది ఉండాల్సిన చోటే ఉందా, ఆమెకి సగమే తెలుస్తోంది. వేలసార్లు పాడిన గొంతు కదా, కళ్ళు మూసుకుని ఇంట్లో తిరిగినట్టు తిరుగుతుందనుకుంది. తిరగలేదు. ప్రతి మాటా చేత్తో తడుముకుంటూ వెళ్ళింది. వణుకు గొంతులోకి రాకుండా పొట్ట బిగించింది. వాద్యాలు పడే చోటు దగ్గరపడుతోంది. లోతు తెలీని నీళ్ళలోకి దిగుతున్నట్టు, చివరి మాట పట్టుకుని నిలబడింది. కిందికి చూడాలనిపించింది. చూడటానికేమీ లేదు.

పడ్డాయి.

గొంతు మీద పడ్డాయో, పక్కన పడ్డాయో ఆమెకి తెలీలేదు. రాయి తగిలినట్టు మాత్రం లేదు. మిగతా సగం పాడి ఆపింది. గదిలో చప్పుడు మొత్తం పోయింది. అద్దం వైపు తిరిగింది.

మీటలాయన వేలు ఎత్తలేదు.

తల వంచుకుని ఒక మీట మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. వెనక్కి తిప్పి ఏదో విన్నాడు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ విన్నాడు. బావ డ్రమ్స్ వెనకనుంచి లేచి నిలబడ్డాడు. ఆయనకీ వినడానికి ధైర్యం లేదు, కూర్చోవడానికీ లేదు.

స్పీకరులో మీటలాయన గొంతు వచ్చింది.

"రెండో చరణం చివర పైకెళ్ళావు తల్లీ."

"ఎంత?"

"కొద్దిగానే. కాని వెళ్ళావు."

"మిగతాది?"

"మిగతాది ఉండాల్సిన చోటే ఉంది."

"నన్ను చూసి భయపడి చెప్పట్లేదుగా?"

"భయపడే చెబుతున్నాను. అయినా చెబుతున్నాను."

ఇన్నేళ్ళలో ఎవరూ ఆమెకి అలా చెప్పలేదు. ఇలాంటి మాట వినాల్సొస్తుందని పొద్దున్నుంచీ వణికిపోయింది. విన్నాక కూడా మనసు తేలికపడలేదు. ఈ పాట కుదిరినా ఇంకా ఏడున్నాయి. అవి అయినా స్టేజి ఉంది. స్టేజి మీద ఏం చేస్తుందో, అసలు ఎక్కుతుందో లేదో, ఆమెకీ తెలీదు, ఆ గదిలో ఎవరికీ తెలీదు.

దూది వదులైతే లోపలికి నొక్కుకుంది.

"రెండో చరణం దగ్గర్నుంచి కాదు బాబాయ్, మొదట్నుంచీ వెళదాం" అంది. "మళ్ళీ పైకెళితే చెయ్యి దించు, ఆపేస్తాను."

మీటలాయన చెయ్యి పైకెత్తి, అద్దం మీద అరచెయ్యి ఆనించి పెట్టుకున్నాడు. ఆమె ఆ చేతి మీంచి చూపు తిప్పకుండా మొదటి మాట ఎత్తుకుంది.